రెండు శాతం

జుబైల్‌లో రాత్రి షిఫ్టు.
కిటికీ అద్దాలమీద సముద్రపు చెమ్మ ధారకట్టి కారుతోంది.
లోపల, ఆరబెట్టే పెట్టెలో,
ఎనభై డిగ్రీల దగ్గర నైలాన్ గింజలు
తాగిన నీళ్లన్నీ కక్కుతున్నాయి.
దీనికి దాహమెక్కువ.
మూత తీసి నాలుగు మాటలు మాట్లాడేలోగా
ఈ ఊరి గాలిని గుటకలేస్తుంది.

పక్క బస్తాలో పాలిథీన్.
దానికి నీళ్లంటే గిట్టదు.
వానలో వదిలేసినా ఒళ్లు దులుపుకుని లేచే రకం.

రెంటినీ కలపమన్నారు.
పెట్రోలు టాంకీకి కావాలట
దాని ఓర్పూ, దీని బిగువూ.

కరిగినంతసేపూ కలిసినట్టే ఉంటాయి.
మర కడుపులో, రెండొందల నలభై దగ్గర,
ఎవరు ఎవరో తెలియదు.
చల్లారాకే తెలుస్తుంది.
మొదటి ముక్కని దవడల మధ్య బిగించి లాగితే
సాగలేదు, సన్నబడలేదు,
అప్పడంలా టప్పుమంది.
విరిగిన చోటుని మైక్రోస్కోపు కింద పెట్టాను.
గింజలు వలిచిన దానిమ్మ తొక్కలా గుంటలు గుంటలు,
ప్రతి గుంటా నున్నగా.
ఆ నునుపే చెడ్డ గుర్తు.
పోతున్నవాణ్ణి ఎవరూ చెయ్యి పట్టి ఆపలేదని.

ఎక్స్‌ట్రూడర్ దగ్గర గాజుల రాజలింగం.
సిరిసిల్లలో పదహారేళ్లు మరమగ్గం మీద
పాలిస్టర్ నేసిన చేతులు.
మర నోట్లోంచి వచ్చే తీగ కింద వేలు ఆనించి
"పోగు అలుగుతాంది సార్" అంటాడు.
అదే మాట అనడానికి మీటరుకి
ఇంకో ఐదు నిమిషాలు పడుతుంది.

అలక తీరాలంటే మూడోది కావాలి.
వందకి రెండు పాళ్లు.
ఒళ్లంతా పాలిథీనే,
అక్కడక్కడా అంటుకట్టిన కొక్కెం ఒకటి,
అది వెళ్లి నైలాన్ కొసని పట్టుకుంటుంది.
దీనికి సొంత బలమేమీ లేదు.
ఒట్టి దీంతో ఎవరూ టాంకీ చెయ్యరు.
బిల్లులో మాత్రం కంటికి ఆనుతుంది,
ఆర్నెల్లకోసారి ఎవరో ఒకరు అడుగుతారు,
ఇది తీసేస్తే ఏమవుతుందని.

అది కలిపిన రోజు ముక్క మెడ సాచింది.
తెల్లబడింది, సన్నబడింది,
ఇంకా ఇంకా సాగి,
చివరికి పీచు పీచుగా విడిపోయింది.
రాజలింగం ఆ పీచుని బుగ్గకి రాసుకుని చూశాడు.
"ఇరుగుడు కాదు సార్. చినుగుడు. బట్ట లెక్క."
నా రిపోర్టులో నాలుగు పేజీలున్నాయి,
ఇంత బాగా ఒక్క వాక్యమూ లేదు.

భద్రతావారంలో ఒక పెద్దాయన మైకు పట్టుకుని
మనమంతా ఒక మిశ్రమం అన్నాడు.
పదకొండు దేశాలు, ఒకే పదార్థం అన్నాడు.
చప్పట్లు కొట్టాం, సమోసాలు తిన్నాం.
తిరుగు బస్సులో మలయాళం ముందు కూర్చుంది,
నేపాలీ కిటికీలు పట్టుకుంది,
బెంగాలీ వెనక సీట్లో నిద్రపోయింది.
నడవలో నిలబడి
అరబ్బీకి హిందీ తోక తగిలించి
ముందు జోకుని వెనక్కి మోస్తున్నది
రాజలింగం ఒక్కడే.

మార్చిలో అతని కాంట్రాక్టు ముగించారు.
గింజలు పోసే పని ఇక యంత్రమే చేసుకుంటుందట.
వెళ్తూ వెళ్తూ ఆ చినిగిన ముక్కని
ఇకామా కవర్లో దాచుకున్నాడు.

పన్నెండో రోజున
షిఫ్టు ఇంజనీరు ఇద్రీస్ ఒక బస్తా చెప్పాడు,
తపన్ మండల్ ఇంకో బస్తా విన్నాడు.
ఇద్దరిదీ తప్పు కాదు.
యంత్రం మాత్రం, ఏది పోస్తే అది,
గ్రాము తేడా లేకుండా తూచింది.

ఆరు టన్నులు.
మళ్లీ అదే టప్పు.
మళ్లీ నున్నటి గుంటలు.

కారణం అనే గడిలో రాశాను:
రెండు శాతం లేదు.
మేనేజరు సంతకం పెట్టాడు.
ఏ రెండు శాతమని అడగలేదు.

ఆరబెట్టే పెట్టె కూస్తోంది, నాలుగు గంటలైందని.
త్వరగా మూత తీసి త్వరగా పొయ్యాలి.
అప్పుడే మొదలుపెట్టింది తాగడం.